మిరప, మినుము, బొప్పాయి మూడూ దెబ్బతింటే ఒకే వైరస్ అనుకోవాలా?

తమ్ముడూ, కొత్తగా చదివేవాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు నీ ప్రశ్న నాలుగు మాటల్లో చెప్తాను. దర్శి పక్కన మూడెకరాల్లో మిరప వేశావు. నాటిన నెలన్నరకల్లా కొసలు ముడుచుకోవడం మొదలైంది. గట్టుకి అవతల మీ బాబాయి గారి మినుము చేలో కూడా ఆకులు ముడుచుకుని మొక్కలు గిడసబారాయి. పెరట్లో బొప్పాయి చెట్లు పసుపు తిరిగాయి. గట్ల మీద ఉమ్మెత్త, వయ్యారిభామ దండిగా ఉన్నాయి. మందుల కొట్టాయన ఫోన్‌లో ఫొటోలు చూసి, “అంతా ఒకటే వైరస్, గాలికి పాకుతోంది” అని నాలుగు రకాల మందులు కలిపి కొట్టమన్నాడు. ఇది నిజంగా ఒకే వైరస్సా, ఏ వైరసో తేల్చుకునేదెట్లా, బొప్పాయి కొట్టేయాలా అని అడిగావు.

మూడింటికీ ఒకే వైరస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. మిరపకీ మినుముకీ ఒకటే కావచ్చు, కాకపోనూవచ్చు. అది మిరప కాండం చూస్తేగానీ చెప్పలేం, నువ్వు పెట్టిన ఫొటోల్లో కాండం లేదు, ఆకు అడుగు భాగమూ లేదు. కాబట్టి నేను ఇక్కడ కూర్చుని పేరు పెట్టను. నువ్వే పొలంలో చాలావరకు తేల్చుకునే పద్ధతి చెప్తాను.

మొక్కల వైరస్‌ల మీదే పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రకాశం, నెల్లూరు పొలాల్లో కుర్రాళ్లని వెంటబెట్టుకుని తిరిగేటప్పుడు చెప్పేది ఒక్కటే. జబ్బు చేసిన మొక్క దగ్గర కూర్చునే ముందు, దాని పక్కనే ఉండి జబ్బు చేయని మొక్కలేవో చూడండి. ముడత, పసుపు, మాడు లాంటి నాలుగైదు లక్షణాలే వందల వైరస్‌లు చూపిస్తాయి. నల్లి కుట్టినా ముడతే, కలుపు మందు తగిలినా ముడతే. అందుకే ఒక్క ఆకు చూసి పేరు చెప్పేవాళ్ల మాట నమ్మలేం. ఏ మొక్కల్ని పట్టింది, ఏ మొక్కల్ని వదిలేసింది అన్న లెక్క మాత్రం అంత తేలిగ్గా మోసం చేయదు.

ఎందుకంటే ప్రతి వైరస్‌కీ తాను బతకగలిగే మొక్కల పరిధి ఒకటి ఉంటుంది. వైరస్ తనంతట తాను ఆకులోకి దూరలేదు, పురుగు కుట్టాలి లేదా ఎక్కడో గాయం కావాలి. లోపలికి వెళ్లాక ఆ మొక్క కణంలోని సరంజామాతోనే తన నకళ్లు తయారుచేసుకోవాలి. తర్వాత కణం నుంచి కణానికి ఉండే సన్నటి దారుల్లోంచి పాకాలి. ఈలోగా మొక్క ఊరుకోదు, దాని రక్షణ దానికుంటుంది. వీటిలో ఎక్కడ ఆగినా ఆ మొక్కకి జబ్బు రాదు. బెండ పల్లాకు (ఆకు పసుపు తిరిగే జబ్బు) వైరస్ బెండ, దాని దగ్గరి జాతుల మధ్యే తిరుగుతుంది. ఇంకోవైపు కుకుంబర్ మొజాయిక్ వైరస్‌కి 1200కి పైగా మొక్కజాతులు లొంగుతాయి. పేరులో దోస ఉందని దోసకే వస్తుందనుకుంటే మిరపలో, పొగాకులో, అరటిలో దాన్ని చూసి కూడా పోల్చుకోలేం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పురుగు తినే మొక్కల పరిధి వేరు, అది మోసే వైరస్ పరిధి వేరు. తెల్లదోమ మిరప మీదా వాలుతుంది, మినుము మీదా వాలుతుంది, ఉమ్మెత్త మీదా గుడ్లు పెడుతుంది. అంతమాత్రాన మినుము పల్లాకు వైరస్ మిరపకి ఎక్కదు. పల్లాకు తెచ్చే వైరస్ పప్పుజాతిలోనే ఉంటుంది: మినుము, పెసర, సోయా, చిక్కుడు లాంటివి. మిరప ముడత తెచ్చే వైరస్ కూడా అదే కుటుంబానిది, ఆ కుటుంబాన్ని జెమిని వైరస్‌లంటారు, దీన్నీ అదే తెల్లదోమ మోస్తుంది, కానీ దాని దారి టమాటా, పొగాకు వైపు. “దోమ ఒకటే కదా, వైరసూ ఒకటే” అనడం దగ్గరే కొట్టాయన లెక్క తప్పింది.

ఇప్పుడు నీ పొలానికి వద్దాం. మొట్టమొదట ఇది వైరసేనా అన్నది చూడు. మిరప, మినుము, బొప్పాయి, గట్టు మీది ఉమ్మెత్త అన్నీ ఒకే వారంలో, ఒకే దిక్కు నుంచి మెలితిరిగి, అదే చోట జొన్న, గరిక మాత్రం పచ్చగా నిలబడి ఉంటే అది వైరస్ కాదు. పక్క పొలంలో కొట్టిన 2,4-డి అనే కలుపు మందు గాలికి వచ్చి పడింది, లేదా ఆ మందు కొట్టిన డబ్బాని సరిగ్గా కడక్కుండా నువ్వే మిరపకి వాడావు. అన్ని వెడల్పాకు మొక్కల్నీ ఒకేసారి పట్టి గడ్డిజాతిని ముట్టుకోని వైరస్ నేను చూడలేదు. నీ విషయంలో మిరపకి ముందు, మినుముకి తర్వాత, బొప్పాయికి ఎప్పటినుంచో ఉందని రాశావు కాబట్టి దీన్ని పక్కన పెట్టొచ్చు. అయినా డబ్బా ఎవరి దగ్గర తెచ్చావో ఒకసారి గుర్తు చేసుకో.

తర్వాత భూతద్దం. పదింతలు పెద్దగా చూపించేది చాలు, తక్కువ ధరకే దొరుకుతుంది, మిరప రైతు జేబులో ఉండాల్సిన వస్తువు. ముడుచుకున్న లేత ఆకు తిరగేసి చూడు. ఆకు అంచులు పైకి లేచి, అడుగున గీరినట్టు వెండి మెరుపో గోధుమరంగు చారలో ఉంటే తామర పురుగుల పని. పూలని తెల్లకాగితం మీద తట్టి చూడు, 2021 నుంచి మన మిరపని ఏడిపిస్తున్న నల్ల తామర పురుగులు పూలలోనే గుంపులుగా ఉంటాయి. అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నగా పొడుగ్గా సాగి, కాడ పొడవైతే తెల్లనల్లి. ఈ రెండూ వైరస్ కావు. వాటికి తగిన మందు పడితే ఆ తర్వాత వచ్చే కొత్త చిగురు మామూలుగా వస్తుంది. చిగురు కూడా అదే ముడతతో వస్తుంటే అప్పుడు వైరస్ అనుకో.

జెమిని వైరస్ పట్టిన మిరప ఎట్లా ఉంటుందంటే, ఆకు చిన్నదై ముడుచుకుంటుంది, అడుగున ఈనెలు లావెక్కి చేతికి తగుల్తాయి, కణుపుల మధ్య దూరం తగ్గి కొస గుబురుగా తయారవుతుంది. మొక్క చావదు, కాయదు. కాండం మీద నల్లచారలు ఉండవు. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకో, ఎందుకంటే మిరపని పట్టే ఇంకో వైరస్‌కి అదే గుర్తు. దాని పేరు వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్. “మా ఊళ్లో వేరుశనగే వేయరు సార్” అని చాలామంది అంటారు. మొదట వేరుశనగలో గుర్తించారు కాబట్టి ఆ పేరు, అంతే. టమాటా, మినుము, పెసర, వంగ, పుచ్చ, మిరప, అన్నిట్లోనూ ఉంటుంది. మిరపలో అయితే లేత ఆకుల మీద వలయాలు, కాండం మీద నల్లటి చారలు, మొవ్వు మాడిపోవడం కనిపిస్తాయి. దాన్ని మోసేది తామర పురుగు.

మినుములో ఇదే వైరస్ ఆకుముడతగా కనిపిస్తుంది, బాబాయి గారి చేలో ఉన్నది ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఒక చిన్న పని చెయ్యి. ముడుచుకున్న మినుము మొక్క లేత ఆకు తిరగేసి చూడు, ఈనెల మీద ఎర్రటి గోధుమ ఛాయ ఉంటుంది. ఇప్పుడు ఆ ఆకుని కింది నుంచి వేలితో మెల్లగా చిటికె వేసినట్టు కొట్టు. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఊగి ఊరుకుంటుంది. ఈ వైరస్ పట్టిన ఆకు కాడతో సహా పుటుక్కున విరిగి రాలుతుంది. అంత పెళుసైపోతుంది. చిన్నప్పుడే పట్టిన మొక్కలు ఒకటి రెండు వారాల్లో తల మాడి చచ్చిపోతాయి. అలా కాకుండా ఆకు పెద్దదై, మందంగా, గరుగ్గా గుంటలు గుంటలుగా ముడతపడి, మొక్క పచ్చగానే ఉండిపోతే అది విత్తనం నుంచి వచ్చే వేరే జబ్బు. ఆకుల మీద బంగారు పసుపు మచ్చలుంటే పల్లాకు. మూడింటికీ రైతులు ‘వైరస్’ అనే ఒక్క మాటే వాడతారు కాబట్టి చాలా నష్టం అక్కడే జరుగుతోంది. పల్లాకుని తట్టుకుంటుందని ఎల్‌బీజీ 787 లాంటి రకం వేసి, ఆకుముడత వచ్చేసరికి “విత్తనం నకిలీది” అని గొడవపడిన వాళ్లని చూశాను. విత్తనం అసలైనదే. తట్టుకునేది తెల్లదోమ తెచ్చే పల్లాకుని, తామర పురుగు తెచ్చే ఆకుముడతని కాదు.

కాబట్టి నీ గట్టుకి ఇవతల మిరప కాండాల మీద నల్లచారలు, అవతల మినుములో విరిగే ఆకులు కనిపిస్తే రెండూ మొవ్వుకుళ్లు వైరస్సే అయ్యే అవకాశం గట్టిది. మిరప శుభ్రమైన పచ్చ కాండంతో గుబురుగా ఉండి, మినుము మాడిపోతుంటే రెండు వేర్వేరు వైరస్‌లు పక్కపక్కనే ఉన్నట్టు. ఒకే మిరప మొక్కలో రెండూ కలిసి ఉండటం కూడా అరుదేమీ కాదు.

వయ్యారిభామ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నేను పైన చెప్పిన పద్ధతికి అదే మినహాయింపు. 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగలో మొక్కలు కొసల నుంచి మాడి కాండం కుళ్లి చచ్చిపోయాయి. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. చూడ్డానికి మొవ్వుకుళ్లులాగే ఉంటుంది. హైదరాబాద్ దగ్గరున్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ వైరస్ దాక్కున్నది వయ్యారిభామలో. ఆ మొక్క పచ్చగా, నిండా పూలతో, ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి ఎగిరి పంట ఆకుల మీద పడుతుంది, తామర పురుగు ఆకుని గీరినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. అంటే జబ్బు కనిపించని మొక్కల్లో రెండు రకాలున్నాయి. ఒకటి వైరస్ అసలు ఎక్కనిది, రెండోది ఎక్కినా బయటపెట్టనిది. పంట మొక్క బాగుంటే చాలావరకు మొదటి రకం అనుకోవచ్చు. గట్టు మీది కలుపు బాగుందంటే మాత్రం నమ్మకు.

వేరుశనగలో ఈ రెండిటికీ తేడా ఇదీ: మొవ్వుకుళ్లు పట్టిన మొక్క తల మాడినా పక్కల నుంచి చిన్న చిన్న వికారమైన ఆకులతో పిలకలు గుబురుగా వేస్తుంది. స్ట్రీక్ వైరస్ పట్టిన లేత మొక్క కాండం మాడి నిలువునా పోతుంది. పొలంలో చేయాల్సింది కూడా వేరు. స్ట్రీక్ వైరస్ అయితే పురుగు మందు కంటే ముందు వయ్యారిభామ పూతకి రాకముందే పీకించాలి, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు సాళ్లు దట్టంగా వేయాలి. మొవ్వుకుళ్లు అయితే సంగతి ఇంకోలా ఉంటుంది. ఆ వైరస్‌ని తామర పురుగు పిల్లదశలో తింటేనే తనలో నింపుకోగలదు, పెద్దయ్యాక తిన్నా మోయలేదు. వేరుశనగలో చాలావరకు బయట పెరిగి రెక్కలొచ్చి వాలిన పురుగులే జబ్బు తెస్తాయి. కాబట్టి పట్టిన మొక్కల్ని పీకి చేనుని పలచన చేస్తే లాభం కంటే నష్టమే, వేరుశనగలో దగ్గర దగ్గరగా విత్తుకోమనేది అందుకే. మిరప జెమిని వైరస్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మొదట్లో అక్కడక్కడ కనిపించిన మొక్కల్ని వెంటనే పీకి కప్పెట్టాలి, ఎందుకంటే ఆ మొక్క మీద కూర్చున్న ప్రతి తెల్లదోమా వైరస్‌ని పక్కదానికి మోస్తుంది. పేరు తేల్చుకోమని ఇంత పట్టుబట్టేది దీనికే. ఒకదానికి పనికొచ్చే పని ఇంకోదానికి చేటు చేస్తుంది.

పొలం చూసి అనుకున్నదాన్ని రుజువు చేసుకోవడానికి పరీక్ష మొక్కలున్నాయి. ఇది పాత పద్ధతి, ఇప్పటికీ నాకు చాలా ఇష్టమైన పద్ధతి. మన ఒంగోలు ప్రాంతానికి అన్నం పెట్టిన పొగాకుతోనే ఈ శాస్త్రం మొదలైంది. 1886లో మేయర్ అనే ఆయన మొజాయిక్ (ఆకు మీద పసుపు, పచ్చ కలగలుపు) జబ్బు పట్టిన పొగాకు రసం మంచి మొక్కలోకి ఎక్కించి జబ్బు తెప్పించాడు. 1892లో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియా దూరలేని వడపోతలోంచి పంపినా జబ్బు వచ్చిందని చూపించాడు. 1898లో బైజరింక్ అది బాక్టీరియా కాదు, వేరే కొత్త పదార్థం అన్నాడు, అదే పొగాకు మొజాయిక్ వైరస్. 1929లో హోమ్స్ అనే ఆయన పొగాకు బంధువైన నికోటియానా గ్లుటినోసా ఆకు మీద ఆ రసం రుద్దితే ఆకంతా జబ్బు పడకుండా, వైరస్ దిగిన చోట మాత్రమే చిన్న గోధుమరంగు మచ్చలు వస్తాయని కనిపెట్టాడు. అదే మొక్క మీద కుకుంబర్ మొజాయిక్ వైరస్ రుద్దితే మచ్చలు రాకుండా మొక్క మొత్తానికి మొజాయిక్ పాకుతుంది. ఒక్క మొక్క, రెండు వైరస్‌లు, రెండు వేర్వేరు జవాబులు. ఏ మొక్క మీద ఎట్లాంటి జవాబు వస్తుందో పట్టిక వేసుకుంటే వైరస్‌ని ఒక మూలకి తరమొచ్చు.

మన వాడకానికి అలసంద, ముఖ్యంగా సి-152 రకం, బంగారం లాంటి మొక్క. కుండీలో నాలుగు గింజలు వెయ్యి. మొదటి జత ఆకులు విచ్చుకుని, మూడాకుల కొమ్మ ఇంకా రాకముందు పరీక్ష చేయాలి. జబ్బు మినుము లేత ఆకుని చల్లటి ఫాస్ఫేట్ ద్రావణంలో నూరి, అలసంద ఆకు మీద సన్నటి కార్బొరండం పొడి (ఆకు మీద చిన్న గాయాలు చేసే గరుకు పొడి) చల్లి, ఆ రసాన్ని వేలితో ఒత్తిడి లేకుండా రుద్ది, వెంటనే నీళ్లతో కడిగేయాలి. మొవ్వుకుళ్లు వైరస్ ఉంటే నాలుగైదు రోజుల్లో పసుపు మచ్చలు వచ్చి, మధ్యలో మాడి, వలయాలుగా కనిపిస్తాయి. నూరడం మాత్రం పొద్దున్నే, మంచు మీద చెయ్యాలి. ఈ వైరస్ ఎంత సున్నితమంటే నూరిన రసంలో మన ఎండకి కొన్ని గంటల్లోనే చచ్చిపోతుంది. పొగాకు మొజాయిక్ వైరస్ అయితే ఎండిన ఆకులో ఏళ్ల తరబడి బతుకుతుంది, 90 డిగ్రీల వేడిక్కూడా లొంగదు. అందుకే పొగాకు, మిరప నారుమడిలో పనిచేసేవాళ్లు చుట్ట, బీడీ కాల్చిన చేత్తో మొక్క ముట్టుకోకూడదంటాం.

అలసంద మీద మచ్చ వస్తే మొవ్వుకుళ్లే అని తీర్మానించకు. స్ట్రీక్ వైరస్ కూడా మచ్చలే ఇస్తుంది, కుకుంబర్ మొజాయిక్ వైరస్‌లో చాలా రకాలు సూదిమొనంత మచ్చలిస్తాయి. ఇక ఏమీ రాకపోతే దానికి రెండు అర్థాలున్నాయి. మిరప జెమిని వైరస్, మినుము పల్లాకు వైరస్ ఇట్లా రసం రుద్దితే రావు, వాటికి తెల్లదోమనో అంటునో ఉపయోగించాలి. రెండోది, మిరప ఆకు రసంలోనే వేరే మొక్కలకి వైరస్ ఎక్కకుండా అడ్డుకునే పదార్థాలున్నాయి. కాబట్టి మిరపతో చేసినప్పుడు అలసంద శుభ్రంగా ఉందంటే వైరస్ లేదని కాదు. ఈ పరీక్ష మినుముతో చెయ్యి, మిరపతో వద్దు.

ఈ సందర్భంలో నెల్లూరు వాళ్లకి ఒక మాట. పొదలకూరు, రాపూరు వైపు మీ తోటల్లో ఉన్న నిమ్మే ప్రపంచం మొత్తం నిమ్మజాతి చెట్లకి వచ్చే ట్రిస్టెజా వైరస్‌ని పట్టడానికి వాడే పరీక్ష మొక్క. బత్తాయి, నారింజ ఏ లక్షణం చూపకుండా ఆ వైరస్‌ని దాచుకోగలవు, కాగ్జీ నిమ్మ దాచుకోలేదు. దాని లేత ఆకుని ఎండకి ఎదురుగా పట్టుకుంటే ఈనెల వెంట అక్కడక్కడ తెల్లగా వెలుతురు దూరే చిన్న గీతలు కనిపిస్తాయి. కొమ్మ బెరడు ఒలిస్తే లోపలి చెక్క మీద గుంటలు, నొక్కులు వేలికి తగుల్తాయి. దాన్ని మోసేది పేనుబంక. ఈ వైరస్ పొలంలో నిమ్మజాతిని దాటి పోదు కాబట్టి తోట పక్కన మిరప ఉందనో మినుము ఉందనో భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఎక్కడినుంచో తెచ్చిన అంటుకొమ్మకి.

బొప్పాయి సంగతి. రెండు రకాల జబ్బుల్లో నీది ఏదో చూడు. ఆకు మీద పసుపు పచ్చ కలగలుపు, ఆకు కాడ మీద నూనె రాసినట్టు చారలు, కాయ మీద ఉంగరాల మచ్చలు ఉంటే రింగ్ స్పాట్ వైరస్. అది బొప్పాయి, గుమ్మడిజాతి పాదులు దాటి పొలంలో ఇంకో పంట జోలికి పోదు. నీ మిరపకీ దానికీ సంబంధం లేదు, మిరప కోసమని చెట్టు కొట్టేయకు. కానీ పెరట్లో బీర, సొర, దోస పాదులుంటే వాటిని చూడు, ఈ వైరస్ అటూ ఇటూ తిరుగుతుంది. దీనికి పురుగు మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే పేనుబంక ఆకుని ఒక్కసారి రుచి చూసిన కొద్ది సెకన్లలోనే వైరస్ అంటిస్తుంది, మందు దాన్ని చంపేలోపు పని అయిపోతుంది. అలా కాకుండా బొప్పాయి ఆకు అంచులు కిందికి, లోపలికి తిరిగి, ఆకు తోలులా మందమై, అడుగున ఈనెలు లావెక్కి ఉంటే అది తెల్లదోమ తెచ్చే ముడత. ఆ జెమిని వైరస్‌లు మిరప, టమాటా, పొగాకు ముడత వైరస్‌లకి దగ్గరివి. అప్పుడు ఆ చెట్టు తీసేయడమే మంచిది, మిరప నారు పోసే చోటికి దగ్గరగా ఉంటే మరీ ముఖ్యం. నువ్వు ‘పసుపు’ అని రాశావు, ‘ముడత’ అని రాయలేదు. కాబట్టి మొదటిదే అనుకుంటున్నాను. కాయ ఫొటో పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఆ నాలుగు మందులు కలిపి కొట్టొద్దు. వైరస్‌ని చంపే మందు ఏ కొట్లోనూ లేదు, ఉన్న మందులన్నీ పురుగుకే. ఏ పురుగో తెలియకుండా కలిపి కొడితే మంచి పురుగులు పోయి తెల్లదోమ ఇంకా పెరుగుతుంది. బాబాయి గారికి చెప్పు, వచ్చే పంటకి మినుము విత్తనానికి కిలోకి 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ పట్టించి వేస్తే మొదటి రోజుల్లో రసం పీల్చే పురుగుల నుంచి కాపుదల దొరుకుతుంది. ఆ మొదటి రోజుల్లో పట్టిన జబ్బే మినుముని పూర్తిగా ముంచేది.

ఇక చివరిది, ల్యాబు. ఈ పరీక్షలన్నీ నిన్ను రెండు మూడు పేర్ల దాకా తెస్తాయి, ఒక్క పేరు చెప్పేది ఎలీసా, పీసీఆర్. ఎలీసా 1977 నుంచి మొక్కల వైరస్‌లకి వాడుకలో ఉంది. వైరస్ తొడుగుని పోల్చుకుని రంగు మారుతుంది. పీసీఆర్ వైరస్ జన్యువులో ఒక ముక్కని పట్టుకుంటుంది. ఆకు ముడత, మాడు చూసి చాలాకాలం మన దగ్గరి మొవ్వుకుళ్లు వైరస్‌ని విదేశాల్లో ఉండే టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అనే అనుకున్నారు. రెండూ పట్టే మొక్కల్లో చాలా వరకు ఒకటే. 1992లో ఇట్లాంటి తొడుగు పరీక్షలతోనే ఇది వేరే వైరస్ అని తేలింది. మొక్కల పరిధి ఒక్కటే చాలదు అనడానికి ఇదే ఉదాహరణ. అట్లాగే ల్యాబు కాగితం ఒక్కటే చాలదు. ‘నెగెటివ్’ అని వస్తే ఏ వైరస్ కోసం చూశారో అడుగు. జెమిని కోసం చూసి లేదంటే మొవ్వుకుళ్లు లేదని అర్థం కాదు. అందుకే నమూనాతో పాటు నువ్వు పొలంలో చూసింది రాసివ్వాలి, అది చదివితేనే వాళ్లు దేనికోసం వెతకాలో నిర్ణయించుకోగలరు.

ముందు దర్శి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లకి పొలం చూపించు. ల్యాబుకి పంపాల్సి వస్తే గుంటూరు లాం పరిశోధన స్థానం ఉంది, తిరుపతిలో వ్యవసాయ పరిశోధన స్థానం, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వైరాలజీ విభాగం ఉన్నాయి. ఫోన్ చేసి అడిగాకే పంపు. పూర్తిగా మాడిపోయిన కొస కొయ్యొద్దు, అందులో వైరస్ చచ్చి ఉంటుంది. ఇప్పుడిప్పుడే లక్షణం మొదలైన లేత ఆకులు, నాలుగైదు మొక్కల నుంచి విడివిడిగా తీసుకో. అదే చేలో బాగున్న మొక్క ఆకు కూడా ఒకటి పెట్టు, పోల్చుకోవడానికి. తడి కవర్లో కుక్కొద్దు, కుళ్లిపోతుంది. పొడి న్యూస్‌పేపర్లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఐస్ ఉన్న డబ్బాలో పెట్టు, ఆకు ఐస్‌కి నేరుగా తగలకూడదు. కవర్ మీద పంట, రకం, నాటిన తేదీ, లక్షణం మొదలైన తేదీ, కొట్టిన మందులు, చుట్టూ ఉన్న పంటలు, కలుపు, వాటిలో ఏవి బాగున్నాయో ఏవి లేవో పెన్సిల్‌తో రాయి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. శుక్ర, శనివారాల్లో పంపకు, ఆదివారం డబ్బాలోనే మగ్గిపోతుంది. సోమవారం పొద్దున ఎండెక్కకముందు కోసి, వీలైతే నువ్వే అదే రోజు తీసుకెళ్లి ఇచ్చిరా.